రూట్ చేసిన ఎంఐ 11ఎక్స్‌లో టెలిగ్రామ్‌లో దొరికిన హైపర్ ఓఎస్ జిప్ వేసేయొచ్చా?

తణుకు షామియానా:

అందరికీ నమస్కారమండి. నా ఫోను ఎంఐ 11ఎక్స్, ఇండియా పీసే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పుడు షావోమి వాళ్ల ఎంఐయూఐ 14, ఆండ్రాయిడ్ 13 మీద ఉంది. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి (అంటే ఫోను ఆన్ అయ్యేటప్పుడు ఉండే కంపెనీ తాళం తీసేసి) మ్యాజిస్క్ అనే టూల్‌తో రూట్ చేసి, అంటే ఫోను మీద పూర్తి అధికారం తెచ్చుకుని ఉంది.

ఈ వయసులో నీకు రూట్ ఎందుకయ్యా అంటారేమో. మాది షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే షాపండి. ఆర్డర్లన్నీ ఫోన్లోనే. "నేను నాలుగొందల కుర్చీలు చెప్పాను, మీరు మూడొందలే దింపారు" అని పెళ్లివారు పందిట్లో నిలబెట్టి అడిగితే రికార్డింగ్ వినిపించడం తప్ప నాకు వేరే దారి లేదు. ఫోన్లో ఉన్న గూగుల్ డయలర్‌లో రికార్డ్ నొక్కితే అవతలివాళ్లకి వినపడేలా ప్రకటన చదువుతుంది. అది విని "ఏంటండీ, పోలీస్ స్టేషనా" అని నవ్వేవాళ్లు కొందరు, పెట్టేసేవాళ్లు కొందరు. 2022 మేలో ప్లే స్టోర్ రికార్డర్ యాప్‌లకి కూడా గూగుల్ తలుపేసేసింది కదా. అందుకని మా మేనల్లుడు రూట్ చేసి, కాల్స్ రికార్డ్ చేసే బీసీఆర్ అని ఒక మాడ్యూల్ (మ్యాజిస్క్‌కి తగిలించే చిన్న ముక్క) వేసి పెట్టాడు. బ్రహ్మాండంగా నడుస్తోంది. వాడిప్పుడు ఉద్యోగానికి పుణె వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా మామయ్యా" తప్ప వేరే మాట లేదు.

అసలు సంగతికొస్తానండి. టెలిగ్రామ్ గ్రూపులో ఒకాయన మన ఫోనుకి హైపర్ ఓఎస్ (ఎంఐయూఐ తర్వాత వచ్చిన సిస్టమ్) జిప్ ఫైలు పెట్టాడు. పైలట్ బిల్డ్ అట, కంపెనీ అందరికీ ఇవ్వకముందే మనకి దొరికిందట. దింపుకున్నాను. సెట్టింగ్స్‌లో అప్‌డేటర్ తెరిచి పైనున్న లోగోని టకటకా నొక్కుతూ పోతే 'అప్‌డేట్ ప్యాకేజీ ఎంచుకోండి' అని వస్తుంది కదా, అందులోంచి ఇచ్చాను. కాసేపు పరీక్షించుకుని, నా అకౌంటుకి ఈ బిల్డ్ వేసే అనుమతి లేదని తిప్పి కొట్టింది. గ్రూపులో అడిగితే "అప్‌డేటర్ ఎందుకు అంకుల్, రికవరీలోంచి కొట్టేయండి" అన్నారు. రికవరీ అంటే ఫోను మామూలుగా ఆన్ కాకుండా వచ్చే రిపేరు మెనూ అట.

నా అనుమానాలు ఇవండి. అప్‌డేటర్ వద్దన్నదాన్ని రికవరీ ఎలా ఒప్పుకుంటుంది? వేస్తే డేటా ఉంటుందా పోతుందా? రూట్, బీసీఆర్ సంగతేంటి? ఇంకోటి, షాపు డబ్బులన్నీ యూపీఐలోనే వస్తాయి. అది ఒక్కపూట ఆగినా కూలీలకి ఇవ్వడానికి ఇబ్బంది. కాస్త తెలుగులో విడమర్చి చెప్పండి. ఇంగ్లీషు వీడియోలు చూసి చూసి తల తిరుగుతోంది.

జగదీష్ మార్కెట్ బెంచి:

అన్నా, నీ అప్‌డేటర్ వద్దన్నదంటే ఫైలు ఖరాబున్నదని కాదు. పైలట్ బిల్డ్ అంటే కంపెనీ కొన్ని ఎంఐ అకౌంట్లకే ముందుగాల ఇడిచేది. నువ్వు జిప్ ఇయ్యంగనే అప్‌డేటర్ సర్వర్‌ను అడుగుతది, ఈ అకౌంటుకు పర్మిషన్ ఉన్నదా అని. లేదంటే ఆడికే ఆగుతది. టీడబ్ల్యూఆర్‌పీ, ఆరెంజ్‌ఫాక్స్ అసొంటి బయటోళ్లు చేసిన రికవరీలు సర్వర్‌ను అడుగవు. టీడబ్ల్యూఆర్‌పీల అయితే జిప్ మీద కంపెనీ సంతకం చూసే ఆప్షన్ గుడ మామూలుగ ఆఫ్‌లనే ఉంటది. అందుకే గ్రూపోళ్లు రికవరీల కొట్టుమంటున్నరు. కొడితే ఎక్కుతది. ఏది ఇచ్చినా ఎక్కుతది, అదే పంచాయితీ. ఎవడన్న లోపల చెయ్యి పెట్టిన జిప్ అయితే కంపెనీ రికవరీ బయటికి నూకుతది. ఈడ అడ్డుకునేటోడు లేడు, నువ్వే చూసుకోవాలె.

చూసుడు ఎట్లనంటే, మొదలు ఫైలు పేరు చదువు. మా రిపేరు బెంచి మీదికి వచ్చే పోరగాండ్లల్ల పేరు చదివి ఫ్లాష్ జేసినోడు (ఫోన్ల ఎక్కించినోడు) ఒక్కడు గుడ కనపడడు. వెర్షన్ నంబర్ ఎన్కాల ఇంగ్లీషుల ఏడక్షరాలు ఉంటయి, టీ కే హెచ్ ఐ ఎన్ ఎక్స్ ఎం అన్నట్టు. మొదటి అక్షరం ఆండ్రాయిడ్‌ది. ఎస్ అంటే 12, టీ అంటే 13, యూ అంటే 14. కే హెచ్ నీ ఫోన్ మోడల్‌ది. ఆ తర్వాతి రెండు రీజియన్‌వి: ఐ ఎన్ ఇండియా, ఎం ఐ గ్లోబల్, ఈ యూ యూరప్, సీ ఎన్ చైనా. ఆఖరి రెండు ఇడిచిపెట్టు.

మొదటి అక్షరం ఎందుకు చూడుమంటున్ననంటే, నువ్వు ఇప్పుడున్నది టీ మీద. కొత్త ఫైలు మీద గుడ టీనే ఉంటే పేరు హైపర్ ఓఎస్ అయినా లోపల అదే ఆండ్రాయిడ్ 13. కంట్రోల్ సెంటర్, లాక్ స్క్రీన్ జర తళతళ అంటయి, యాప్‌లు తెరుచుకునే తీరు మారుతది. గంతకోసం నడుస్తున్న దుకాణం ఫోన్‌ను కెలుకుడు నాకైతే బుద్ధికి ఎక్కదు. పోనీ, నీ ఇష్టం.

పేరుల ఇంకోటి ఉంటది. వెర్షన్ ఎన్కాల పది అక్షరాల చెత్త తీరుగ ఒక ముక్క కనపడతది. అది చెత్త కాదు, ఫైలు ఎండీ5ల, అంటే ఫైలు మొత్తం నుంచి లెక్కగట్టే గుర్తు నంబర్‌ల, మొదటి పది. ఎండీ5 లెక్కగట్టే యాప్‌లు మస్తున్నయి, లెక్కగట్టి పది కలిసినయా చూడు. కలవకుంటే డౌన్‌లోడ్ సగంల ఖరాబైనట్టే. కలిస్తే మాత్రం ఫైలు నమ్మొచ్చని అనుకోకు. లోపల ఏదన్న కలిపినోడు పేరు గుడ మార్చగలడు. ఎండీ5 డౌన్‌లోడ్ సక్కగ అయ్యిందా లేదా అన్నదే చెప్తది. నమ్మాలంటే లింకు కంపెనీ సొంత డౌన్‌లోడ్ సర్వర్‌ది అయి ఉండాలె. ఎవడో డ్రైవ్‌ల పెట్టిన కాపీ అయితే ఆడనే ఇడిచిపెట్టు.

గట్లనే సైజు చూడు. కొన్ని వందల ఎంబీలే ఉంటే అది తేడా ఫైలు. పాతదానికి కొత్తదానికి మధ్యల మారిన బ్లాకులే అండ్ల ఉంటయి. ఎక్కేముందు పాత పార్టిషన్‌ను (స్టోరేజీల ఒక గదిని) బ్లాకు బ్లాకు లెక్కగడతది, ఒక్కటి తేడా వచ్చినా ఆగుతది. మ్యాజిస్క్ సిస్టమ్‌ను ముట్టదు గని బూట్ ఇమేజ్‌ను (ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు ముందు లేచే ముక్కను) మారుస్తది, అందుకే రూట్ ఉన్న ఫోన్ల ఆ తేడా ఫైళ్లు ఫెయిలయితయి. నీకు కావాల్సింది ఫుల్ జిప్, మూడు జీబీకి పైన ఉంటది.

ఇగ నా లెక్కల అసలు పని ఇది, మిగతాది ఎవ్వలన్న చెప్తరు. ఫుల్ జిప్ ఇప్పితే లోపల పేలోడ్ బిన్ అని ఒక పెద్ద ఫైలు ఉంటది. పేలోడ్ డంపర్ అనే టూల్ తోని అండ్లకెల్లి బూట్ ఇమేజ్ బయటికి తియ్యి. కొత్త బిల్డ్‌ది ఒకటి, నువ్వు ఇయ్యాల నడుపుతున్న బిల్డ్‌ది ఒకటి, రెండూ తియ్యాలె. రెండూ కంప్యూటర్ల పెట్టుకో, ఫోన్లనే పెట్టుకుంటే ఫోన్ చచ్చినప్పుడు ఎట్ల తీస్తవ్? నా దగ్గరికి లోగో కాడ ఆగిపోయి వచ్చే రూట్ ఫోన్లు శానామట్టుకు గా బిల్డ్‌ది అసలు బూట్ ఇమేజ్ ఫాస్ట్‌బూట్‌ల (కంప్యూటర్‌కు కలిపి ఫోన్‌కు ఆర్డర్లిచ్చే మోడ్‌ల) కొట్టంగనే లేస్తయి. దానికి పైసలు తీసుకోవాలంటే నాకే సిగ్గయితది. గని ఆ ఇమేజ్ లేక డేటా అంతా తుడుచుకున్నోళ్లను మస్తు మందిని చూసిన.

కొత్త బూట్ ఇమేజ్‌ను మ్యాజిస్క్ యాప్‌ల ప్యాచ్ జెయ్యి, అంటే రూట్ ముక్క కలుపు. ఎంబడే ఫ్లాష్ జెయ్యకు. ఫాస్ట్‌బూట్‌ల ఫ్లాష్ అనే కాడ బూట్ అని కమాండ్ కొడితే ఇమేజ్ ఫోన్ల రాసుకోకుంట ఒక్కసారికి దానితోని లేస్తది. మంచిగ లేస్తే గప్పుడు మ్యాజిస్క్ యాప్‌ల డైరెక్ట్ ఇన్‌స్టాల్ నొక్కు. లేవకుంటే పవర్ బటన్ గట్టిగ పట్టి రీస్టార్ట్ జెయ్యి, ఏం పోదు.

బీసీఆర్‌తో సహా మాడ్యూళ్లన్నీ అప్‌డేట్‌కు ముందు ఆఫ్ జెయ్యి. మరిచిపోయి లోగో కాడ తిరుగుతుంటే సేఫ్ మోడ్‌ల ఒకసారి లేపు, మాడ్యూళ్లు వాటంతట అవే ఆఫ్ అయితయి.

నీ ఫోన్ల ఏ, బీ అని రెండు స్లాట్లు, అంటే సిస్టమ్ పెట్టే అరలు, ఉంటయి. రికవరీకి వేరే పార్టిషన్ లేదు, బూట్‌లనే కూసుంటది. అంటే కొత్తది కొట్టినంక నువ్వు వేసుకున్న ఆరెంజ్‌ఫాక్స్ అసొంటి రికవరీ ఉంటే మాయమయితది, ఆగం గాకు. మొదటిసారి లేచినంక లోపల పాత కొత్త భాగాలు కలుపుకునే పని నడుస్తది. బయటికి ఏం కనపడదు, ఫోన్ జర వేడి అయితది. అది అయ్యేదాకా వైప్ చేసుడు, స్లాట్ మార్చుడు లాంటి పనులు పెట్టుకోకు. అదే రీజియన్, పైకి పోయే వెర్షన్ అయితే డేటా మామూలుగ ఉంటది. నచ్చలేదని ఎన్కకు వస్తే మాత్రం ఫార్మాట్ చెయ్యాల్సి వస్తది, ఫోటోలు గీటోలు ముందే తీసిపెట్టుకో.

ఎన్కకు వచ్చుడు అంటే ఇంకో గండం ఉన్నది, యాంటీ రోల్‌బ్యాక్, పాత వెర్షన్‌కు పోనియ్యని అడ్డు. 2018ల రెడ్‌మీ నోట్ 5 ప్రోకు వచ్చింది, దాని నంబర్ 4. తెలువక పాత రోమ్ (సిస్టమ్ ఫైలు) కొట్టినోళ్ల ఫోన్లు నల్లగయినయి, కంప్యూటర్‌కు పెడితే క్వాల్‌కామ్ 9008 అని తప్ప ఇంకేం సూపెట్టవు. ఆడికెల్లి లేపాలంటే కంపెనీ పర్మిషన్ ఉన్న అకౌంట్ కావాలె. నువ్వు ఫాస్ట్‌బూట్‌ల గెట్‌వార్ యాంటీ అని కొట్టి వచ్చిన నంబర్ రాసి పెట్టుకో, కొత్తదానికి పోయినంక మల్ల చూడు. పెరిగితే ఎన్కకు తొవ్వ లేనట్టే.

మోడెమ్ ఎస్‌టీ 1, ఎస్‌టీ 2, పర్సిస్ట్ పార్టిషన్లు బ్యాకప్ తియ్యి. ఐఎంఈఐ, ఫింగర్‌ప్రింట్ లెక్కలన్నీ వాటిల్లనే ఉంటయి. రూట్ ఎట్లనో ఉన్నది గద, దాన్ని గీ పనికన్న వాడు.

సర్జాపూర్ రోడ్డు:

బెంచి గారు చెప్పిన దాంట్లో ఫ్లాషింగ్ వరకు వంక పెట్టడానికి లేదు. యూపీఐ ప్రశ్న మిగిలిపోయింది. నేను ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే పనిలోనే ఉన్నాను కాబట్టి ఆ ముక్క చెబుతాను.

డబ్బుకు సంబంధించిన యాప్‌లు చాలావరకు ఫోను పరిస్థితిని గూగుల్‌ను అడిగి తెలుసుకుంటాయి. ఇదివరకు సేఫ్టీనెట్, ఇప్పుడు ప్లే ఇంటెగ్రిటీ. అందులో మూడు మెట్లు: బేసిక్, డివైస్, స్ట్రాంగ్. బూట్‌లోడర్ తాళం తీసి ఉందా లేదా అన్నది చిప్‌లోని భద్ర భాగం సంతకం చేసి చెబుతుంది. మ్యాజిస్క్ ఎంత చేసినా ఆ సంతకాన్ని తిరగరాయలేదు. కాబట్టి తాళం తీసిన ఫోనుకు స్ట్రాంగ్ మీద ఆశ పెట్టుకోవద్దు. ప్రస్తుతం మీ యాప్ నడుస్తోందంటే అది కింది మెట్లతోనే సరిపెట్టుకుంటోందన్న మాట, లేదా మీ మేనల్లుడు ఏదో మాడ్యూల్ పెట్టి ఉంటాడు. మ్యాజిస్క్‌లో ఒకప్పుడు రూట్‌ను దాచే హైడ్ ఉండేది. దాన్ని రాసిన జాన్ వూ 2021లో గూగుల్ ఆండ్రాయిడ్ భద్రతా బృందంలో చేరారు, 2022 జనవరిలో వచ్చిన 24వ వెర్షన్ నుంచి హైడ్ లేదు. ఇప్పుడున్న డినై లిస్ట్ ఎంచుకున్న యాప్‌ల జోలికి మ్యాజిస్క్ వెళ్లకుండా చూస్తుంది తప్ప, దాచిపెట్టే బాధ్యత తీసుకోదు.

ముందస్తు బిల్డ్‌లో ఇంకో చిక్కుంది. గూగుల్ ధ్రువీకరణ పూర్తికాని బిల్డ్ అయితే రూట్ లేకపోయినా డివైస్ మెట్టు దక్కకపోవచ్చు. అంటే ఈరోజు పనిచేస్తున్న యాప్ అప్‌డేట్ వేసిన మర్నాడు "ఈ పరికరం సురక్షితం కాదు" అనొచ్చు. అది రూట్ తీసినా పోని గొడవ.

మీరు కూలీలకు డబ్బివ్వాలి అంటున్నారు కాబట్టి నా సలహా సూటిగా ఇదీ: యూపీఐని ఈ ఫోను నుంచి తీసేయండి. రూట్ చేయని చిన్న ఫోను ఒకటి తీసుకుని అందులో పెట్టుకోండి. కాకపోతే రిజిస్టర్ అయిన సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళితే తప్ప యూపీఐ మొదలవదు, కనుక బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ చిన్న ఫోనులోనే ఉండాలి. ఆర్డర్ల నంబరు, బ్యాంకు నంబరు ఒకటే అయితే ముందు బ్యాంకులో నంబరు మార్పించుకోవాలి. డబ్బు పడిందని కౌంటర్ మీద అరిచే డబ్బాకు మామూలుగా సొంత సిమ్ ఉంటుంది, మీ ఫోను ఏమైనా దాని అరుపు ఆగదు.

ఇంకొక్క మాట. రూట్ ఉన్న ఫోనులో ఒక యాప్‌కు సూపర్‌యూజర్ అనుమతి ఇచ్చారంటే అది మీ ఎస్ఎంఎస్‌లు, ఓటీపీలు అన్నీ చదవగలదు. ఊరూపేరూ తెలియని జిప్ వేస్తే అడగకుండానే ఆ అధికారం మొత్తం ఇచ్చినట్టు. నేనైతే వేయను.

ఫ్లాష్ భీమవరం:

ఇంత తలనొప్పి ఎందుకు బాబాయ్. ఎంఐ ఫ్లాష్ టూల్‌తో కొత్త ఫాస్ట్‌బూట్ రోమ్ మొత్తం కొట్టేసి బూట్‌లోడర్ లాక్ చేసుకో. రూట్ పోతుంది, యూపీఐ గోల పోతుంది. రికార్డింగ్‌కి ఇంకో పాత ఫోన్ చూసుకో.

తణుకు షామియానా:

అందరికీ చాలా థాంక్సండి. ఫైలు పేరు మీరు చెప్పినట్టే కూడబలుక్కుని చదివాను. టీ కే హెచ్ ఎం ఐ ఎక్స్ ఎం అని ఉంది. అంటే ఆండ్రాయిడ్ అదే 13, ఇండియాది కాదు, గ్లోబల్ అన్నమాటేనా? ఎండీ5లో మొదటి పదీ కలిశాయి, సైజు కూడా మూడు జీబీ దాటింది. లింకు మాత్రం ఎవరో డ్రైవ్‌లో పెట్టుకున్నది. గ్రూపులో మళ్లీ అడిగితే "గ్లోబల్ అయితే ఇంకా మంచిది అంకుల్, యాడ్లు తక్కువ" అన్నారు.

సర్జాపూర్ రోడ్డు గారూ, మీ మాట తలకెక్కిందండి. బ్యాంకు నంబరు, ఆర్డర్ల నంబరు ఒకటే మాకు. మావిడ ఫోను మామూలుదే, రూట్ గీట్ లేదు. యూపీఐ అందులోకి మార్చే ఏర్పాటు చూస్తాను, పాస్‌వర్డు ఆవిడకి చెప్పాలి, అదో ముచ్చట. భీమవరం తమ్ముడూ, లాక్ చేసేస్తే రికార్డింగ్ పోయినట్టేగా, అది కుదరదు. ఆషాఢం వచ్చేదాకా మాకు ముహూర్తాలు వరసగా ఉన్నాయి, ఈలోపు ఫోను జోలికి వెళ్లను.

రెండు ప్రశ్నలు మిగిలాయండి. గ్లోబల్ వేస్తే ఏమవుతుంది? ఇండియాది కంపెనీ నుంచి మామూలుగా అప్‌డేటర్‌లోకే వచ్చిందనుకోండి, అప్పుడు రూట్ పోకుండా ఎలా వేసుకోవాలి?

జగదీష్ మార్కెట్ బెంచి:

అన్నా, నీ దగ్గరున్నది పోకో ఎఫ్3 గ్లోబల్ ఫైలు. పోకో ఎఫ్3, చైనాల రెడ్‌మీ కే40, నీ ఎంఐ 11ఎక్స్, మూడింటికి కోడ్ పేరు అలియోతే. అందుకే ఎక్కనియ్యదని భరోసా లేదు, బూట్‌లోడర్ ఓపెన్ ఉన్నది గద, ఎక్కుతది. గని రీజియన్ మారుతున్నది గాబట్టి డేటా ఫార్మాట్ చెయ్యాలె, నీ రికార్డింగులు గిట్ల అన్ని పోతయి. ఆ తర్వాత ఇండియా అప్‌డేట్లు ఆ ఫోన్‌కు రావు. డ్రైవ్‌ల కాపీ అంటున్నవ్, అది డిలీట్ కొట్టు.

భీమవరం తమ్ముడు ఎంఐ ఫ్లాష్ అన్నడు. జర పైలం. ఆ టూల్ తెరవంగనే కింద కుడిదిక్కు మూడు గోలీలు ఉంటయి, అండ్ల క్లీన్ ఆల్ అండ్ లాక్ అన్నది ముందే నొక్కి ఉంటది. చూసుకోకుంట ఫ్లాష్ కొడితే డేటా తుడిచి, పని అయినంక బూట్‌లోడర్ లాక్ వేస్తది. రోమ్ రీజియన్, ఫోన్ రీజియన్ కలవకుండ లాక్ పడితే ఫోన్ తెరుచుకోకపోయే డేంజర్ ఉన్నది. అన్‌లాక్ మల్ల అడిగితే ఎంఐయూఐ కాలంల మామూలుగ 168 గంటలు ఆగుమనేది. లాక్ చేయాలనే ఉంటే నీ ఇండియా ఫుల్ ఫాస్ట్‌బూట్ రోమ్ క్లీన్ ఆల్ మీద కొట్టి, ఫోన్ సక్కగ లేచిందని చూసినంకనే లాక్ మాట ఎత్తాలె. మ్యాజిస్క్ ప్యాచ్ ఉన్న బూట్ మీద లాక్ వేసుడు అస్సలు వద్దు.

రెండోదానికి తొవ్వ సాఫ్. అప్‌డేట్ వచ్చిందనంగనే మ్యాజిస్క్ యాప్ తెరిచి, అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, రిస్టోర్ ఇమేజెస్ ఎన్నుకో. కంప్లీట్ అన్‌ఇన్‌స్టాల్ అని ఇంకోటి పక్కనే ఉంటది, దాన్ని ముట్టకు. రీస్టార్ట్ చెయ్యకు. అట్లనే పోయి అప్‌డేటర్‌ల అప్‌డేట్ కానియ్యి. అయిపోయినంక రీస్టార్ట్ జెయ్యుమని అడుగుతది, ఆగు. మల్ల మ్యాజిస్క్‌ల పోయి ఇన్‌స్టాల్ నొక్కు, అండ్ల ఇన్‌యాక్టివ్ స్లాట్, ఓటీఏ తర్వాత అని ఒక ఆప్షన్ వస్తది (ఓటీఏ అంటే ఫోన్లకే వచ్చే అప్‌డేట్). అది కొట్టి, రీబూట్ మ్యాజిస్క్‌లకెల్లే నొక్కు. రూట్ అట్లనే ఉండి లేస్తది. రిస్టోర్ ఇమేజెస్ కాడ బ్యాకప్ లేదని అంటే, మీ మేనల్లుడు బూట్ ఇమేజ్ వేరే తొవ్వల కొట్టిండన్నట్టు. గప్పుడు మొదలు చెప్పినట్టు ఇప్పటి బిల్డ్ ఫుల్ జిప్ తెచ్చి అండ్లకెల్లి బూట్ తీసి పెట్టాలె.

ఇయ్యాల్నే చెయ్యాల్సిన పని ఒక్కటి ఉన్నది. డెవలపర్ ఆప్షన్లల్ల ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ అన్నది ఆఫ్ జెయ్యి. అప్‌డేటర్ సెట్టింగ్‌ల గుడ తనంతట తాను డౌన్‌లోడ్ చేసేది ఉంటది, అది గుడ ఆఫ్. లేకుంటే నువ్వు ఏదో పెళ్లిల కుర్చీలు లెక్కబెడుతుండంగ అది రాత్రికి రాత్రి వేసుకుని రూట్ పీకేస్తది.